చెట్టు జబ్బు నిన్నటిది కాదు

2021వ సంవత్సరము చలికాలమున తెలంగాణమున ఏ దారిని పోయినవారైనను, బాటకు ఇరుప్రక్కల వేపచెట్లు నిప్పు సోకినట్లు తలలు మాడి నిలిచియుండిన ఆ దృశ్యమును మరచియుండరు. ఆకులు రాలలేదు, కొమ్మల కొనలనే అంటిపెట్టుకొని, గోధుమవన్నెకు తిరిగి, గాలి వీచినప్పుడెల్ల గలగల మ్రోగుచుండెను. ఇంటిలో ఆటలమ్మ పోసినప్పుడు ఏ రెమ్మను మంచముపై పరతుమో, పుండునకు ఏ ఆకు నూరి పూయుదుమో, ధాన్యపు గాదెలో పురుగు చేరకుండుటకు ఏ ఆకు కలిపి పెట్టుదుమో, ఆ చెట్టునకే జబ్బు చేసినదనిన మా వీధి పెద్దలకు నమ్మశక్యము కాలేదు.

మా యింటి యెదుటి వేపయు ఆ యేడే మాడినది. కార్తికము వెళ్ళునప్పటికి దాని తలకట్టులో పచ్చని రెమ్మ వెదకినను కానరాలేదు. ఎండిన చెట్టు వాకిట నుండుట అరిష్టమనియు, కొమ్మ విరిగి పిల్లలమీద పడినచో జవాబు చెప్పువారెవరనియు వీధివారు నలుగురు కూడి తర్కించి, చెట్లు కొట్టు పెద్దాయన నొకనిని పిలిపించిరి. ఆయన గొడ్డలిని గోడకు చేర్చి, మ్రాను చుట్టు ఒకమారు తిరిగి, చేతికందిన కొమ్మను బొటనవ్రేలి గోటితో గీరి, ఆ గీరిన చోటును నాకు చూపెను. పైని బూడిదరంగు పొర క్రింద, వెంట్రుకవాసి లోతున, లేత పచ్చని చార తడిగా మెరయుచుండెను. “పానం పోలే సారూ. కొసలే ఎండినయ్. ఎండకాలం దాంక ఆగుండ్రి,” అని, కూలి డబ్బులైనను తీసికొనక, గొడ్డలి భుజమున వేసికొని వెళ్ళిపోయెను. ఫాల్గుణము ముగియకమున్నే ఆ మోడు కణుపుల నుండి రాగిరంగు చివుళ్ళు వేసినది. ఆ యేటి ఉగాది పచ్చడికి పూత మాత్రము ప్రక్క వీధి నుండి తెచ్చుకొంటిమి.

ఆ గోటి గీతను నేను తరచుగా తలచుకొందును. మన ఊళ్ళలో జబ్బుపడిన ముసలి చెట్టునకును దానిని కొట్టివేయు గొడ్డలికిని నడుమ ఆపాటి గీతయైనను ఉండుట అరుదు. నీడనిచ్చిన పెద్ద మ్రాను వాడుముఖము పట్టినప్పుడు మనకు తోచు ఉపాయములు రెండే: నరికివేయుట, లేకున్న ఎవరో చెప్పిన మందు తెచ్చి పోయుట. జబ్బు ఏది, అది ఎప్పటిది, దేనివలన వచ్చినది అను విచారణ ఈ రెంటికిని ముందు జరుగవలసియుండగా, ఆ విచారణ చేయుటకు మన పురపాలక సంఘములలో ఒక మనిషి లేడు, ఒక పుస్తకము లేదు, అట్టిది ఒకటి కావలయునను తలంపుకూడ లేదు. ఈ లోటును గూర్చియే నేను వ్రాయబూనితిని.

ఆ యేటి వేప తెగులునకు శాస్త్రజ్ఞులు చెప్పిన కారణము స్పష్టమైనదే. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రము వానలతో చెలరేగి, లేత రెమ్మ కొనను పట్టుకొని వెనుకకు ఎండించుకొనుచు వచ్చును. జీడిమామిడి రైతులు చక్కగా నెరిగిన టీ దోమ ఆ రెమ్మలనే పొడిచి రసము పీల్చి, శిలీంధ్రమునకు వాకిలి తెరచును. ఇంతవరకు సందేహము లేదు. కాని అదే శిలీంధ్రము, అదే దోమ, అదే వాన; మా వేప తేరుకొనినది, వీధి చివర కిరాణా దుకాణము ముందరి వేప తేరుకొనలేదు. ఆ రెండవ చెట్టు చుట్టు కొన్నేండ్ల క్రిందట బండ్లు నిలుపుటకని సిమెంటు పరచి, మ్రానునకు కాసె బిగించినట్లు ఆనించి పూసియుండిరి. వాననీరు దిగుటకు అరచేతి వెడల్పు మన్నైనను మిగులలేదు. రెండు చెట్లను చూచి సిద్ధాంతము కట్టరాదని నే నెరుగుదును. అయినను అమెరికాదేశపు వృక్షరోగ శాస్త్రవేత్త పాల్ మానియన్ 1981లో వెలువరించిన గ్రంథమున పెద్దచెట్ల క్షీణతను గూర్చి చెప్పిన క్రమము సరిగా ఇట్టిదే: ముందుగా ఏండ్ల తరబడి బలము తీయునది ఒకటి, అదను చూచి పడద్రోయునది మరియొకటి, పడినదానిని తినుటకు చేరునది ఇంకొకటి. మన కంటికి కనిపించునది ఎప్పుడును ఈ కడపటిదే. దానినే మనము రోగమనుకొని, దానిమీదనే మందు చల్లుచున్నాము.

చెట్టు దేహమును గూర్చి మనలో చాలమందికి గల ఊహయు సరియైనది కాదు. ఎంత ఎత్తో అంత లోతు వేరు దిగియుండునని తలచుదుము. నిజమునకు నీటిని, లవణములను పీల్చు పీచువేళ్ళలో అధికభాగము నేల పైపొరలో, ఒకటి రెండడుగుల లోతుననే, కొమ్మల నీడ పడు మేరను దాటి చాల దూరము వ్యాపించియుండును. వానికి నీరెంత అవసరమో గాలియు అంతే అవసరము. అవియు ఊపిరి పీల్చును. ఇక మ్రానిలో అంత లావున కనిపించు చేవ ఎన్నడో ప్రాణము విడిచిన కలప; అది చెట్టును నిలువబెట్టునే గాని బ్రతికించునది కాదు. జీవమంతయు బెరడు క్రింద కాగితమంత పలుచని పొరలోను, దాని నంటియున్న నారలోను, పైచెక్కలోను ఉన్నది. తొర్రపడి మనిషి దూరునంత సందు గల చింత తరములు గడచినను కాయుచుండుటకును, గుండ్రముగ బెరడు వలిచిన బలమైన మ్రాను కొలది కాలముననే ఎండిపోవుటకును కారణ మిదియే. గుట్టుగా చెట్టును చంపదలచినవాడు గొడ్డలి పట్టడు. చుట్టును బెరడు తీసి, ఊరకుండును.

మా వీధి మొగను ఒక నిద్రగన్నేరు ఉండెడిది. సాయంకాలమున ఆకులు ముడుచుకొను ఆ చెట్టు క్రింద, పగలంతయు తోపుడుబండి నిలిపి చాయ్ అమ్ము అతడొకడు ముప్పది మందికి నీడ చూపెడివాడు. ఒక వేసవి చివర గాలివానలో అది వేళ్ళతో పెళ్లగిలి వీధి కడ్డముగ పడినది. తెల్లవారి పోయి చూచితిని. వేళ్ళ చట్రము పెద్ద పళ్ళెమువలె నిలువున లేచియుండెను. వీధివైపున ఉండవలసిన లావైన వేళ్ళు మ్రానుకు మూరెడు దూరమున, రంపముతో వరుసగా కోసినట్లు, ఆగిపోయియుండెను. ఆ కోసిన మొనలు నల్లబడి, వ్రేలితో నొక్కినచో నానిన అటుకులవలె విడిపోవుచుండెను. నాలుగేండ్ల క్రిందట నీటి గొట్టములకై ఆ వైపున కందకము త్రవ్విన సంగతి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. నాటినుండి ప్రతి వేసవికిని దాని నీడ పలుచబడుచునే యుండెను. మ్రాను మొదట గోధుమరంగు గట్టి గొడుగొకటి, అరలవలె పొరమీద పొరగా, మూడు వానకాలములు పెరుగుచునే యుండెను. చాయ్ బండి అతడు దానిమీద కడిగిన గ్లాసులు బోర్లించుకొనెడివాడు. నేనును అక్కడనే నిలిచి టీ త్రాగినవాడనే. మేమందరము ఆ గొడుగును చూచితిమి, మాలో ఏ ఒక్కరును దానిని చదువలేదు. అది పుట్టినదనగా లోపల చెక్కను శిలీంధ్రము అప్పటికి ఎన్నియో నెలలుగా తినుచున్నదన్నమాట. మరునాడు అందరును చెప్పుకొనిన మాట, గాలివానకు చెట్టు కూలినదని.

కావున చెట్టు నొద్దకు వచ్చిన వైద్యుడు తల యెత్తి ఆకులు చూచుటకు ముందు, తల వంచి నేల చూడవలెను. అంతకును ముందు ఇరుగుపొరుగు వారిని అడుగవలెను. గడచిన పదేండ్లలో ఇక్కడ ఎవరైనను కందకము త్రవ్విరా, మన్ను పోసి ఎత్తుచేసిరా, రోడ్డు వెడల్పు చేసిరా, బోరు వేసిరా, ఇంటి పునాది తీసిరా, మురుగు మళ్ళించిరా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన పిమ్మట సగము రోగము తెలిసినట్లే. ఆరోగ్యము గల మ్రాను నేలను కలియుచోట ఏనుగు పాదమువలె విచ్చుకొనియుండును. అట్లుగాక, పాతిన స్తంభమువలె నిటారుగ నేలలోనికి దిగియున్నచో, దాని పాదమును ఎవరో మన్నుతోనో సిమెంటుతోనో పూడ్చినారని తెలిసికొనవలెను. కొంచె మా మన్ను తొలగించి చూచిన, బెరడు చీకిన వాసన కొట్టుటయు, ఒక వేరు మరలి వచ్చి మ్రానికే ఉరివలె చుట్టుకొనియుండుటయు కనిపించుట కలదు. మొక్కనాడు కట్టిన ఇనుప కంచెను విప్పువారు లేక, అది బెరడులో పూడిపోయి, పెరిగిన చెట్టు నడుమును కోయుచుండుట నేను ఒక్క ఊరిలో కాదు, పోయిన ప్రతి ఊరిలో చూచితిని.

రచ్చబండల మాటయు ఇక్కడ చెప్పవలసియున్నది. మన పెద్దలు రావికిని వేపకును పెండ్లి చేసి చుట్టును అరుగు కట్టలేదా, దానికేమైనదని అడుగువారున్నారు. పాత అరుగులు బండలు పేర్చి, సందులలో మన్ను నింపి కట్టినవి. ఆ సందులలో నీరు దిగినది, గాలి ఆడినది, చీమలు పుట్టలు పెట్టినవి. రావి, మర్రి వంటివి మన్ను ఎగబోసినను క్రొత్త వేళ్ళు పుట్టించుకొని బ్రతుకగల జాతులు. నేటి అరుగు నున్నని గ్రానైటు పలకలు తాపిన సిమెంటు తొట్టి. చూపునకు రెండును అరుగులే. చెట్టునకు మాత్రము ఒకటి చాప, మరియొకటి గోరీ.

క్రింద చూచిన తరువాత పైకి చూచుట. ఒక్క కొమ్మ మాత్రమే ఎండినచో ఆ కొమ్మలోనే కారణముండును; తలకట్టంతటను కొనలు సమముగా పలుచబడుచు, ఆకు ఏటికేడు చిన్నదగుచున్నచో, దోషము వేళ్ళలో వెదకవలెను. మ్రాను నడుమ బెరడు చీల్చుకొని గుంపుగా లేత పిలకలు పుట్టుట బలమునకు గుర్తని చాలమంది సంతోషింతురు. అది ఆకలికి గుర్తు, తలలో కోల్పోయిన ఆకులను మొదటివద్దనే పుట్టించుకొను ఆపద్ధర్మము. కొయ్య సుత్తితో మ్రానును చుట్టును తట్టి వినుట ప్రాతదైనను మంచి పరీక్ష. కుండలు కొనుటలో నేర్పరియైన గృహిణి వ్రేలిమెటికతో కొట్టి బీటను కనిపెట్టినట్లే, అలవాటుపడిన చెవి గుల్లను కనిపెట్టును. కాని గుల్ల యున్నదని తేలినంతనే మరణశాసనము వ్రాయరాదు. మ్రాను వ్యాసార్ధములో మూడవవంతు మేర గట్టి చెక్క చుట్టును మిగిలియున్నచో అది గొట్టమువలె నిలుచునని ఈ విద్యలో ఆరితేరినవారు ఒక కొండగుర్తు చెప్పుదురు. ధ్వనితరంగములు పంపి లోపలి గుల్లను పటము గీసి చూపు యంత్రములును ఇప్పుడు కలవు. అవి కొనుటకు ముందు ఒక సుత్తియు, చెవియు ఉన్నను మనకు మేలే.

ఇట్లు రోగిని పరీక్షించు మార్గము మనకు పరాయిదియు కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయము కలదు. సురపాలుని వృక్షాయుర్వేదము 325 శ్లోకముల గ్రంథము. ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమున నున్న దాని వ్రాతప్రతి ఆధారముగ, సికింద్రాబాదు నందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో దానిని ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. మన నగరమున అచ్చైన ఈ గ్రంథమును మన నగరపు తోటల అధికారులలో ఎందరు చూచియుందురో! అందులో చెట్ల జబ్బులు వాతపిత్తకఫముల వలన లోపల పుట్టునవనియు, పురుగు, చలి మొదలగువాని వలన బయటి నుండి వచ్చునవనియు విభజింపబడినవి. అందలి ఔషధములన్నియు నేటి పరీక్షకు నిలుచునని నేననను. కాని చికిత్సకు ముందు నిదానము ఉండవలెననియు, ఒకే వాడుముఖము వెనుక వేరువేరు కారణము లుండవచ్చుననియు ఎరిగిన బుద్ధి దానిలో ఉన్నది. ఆ బుద్ధిని మనము ఎక్కడనో జారవిడిచితిమి.

ఇటీవలి కాలమున తెలుగునాట చెట్టు వైద్యమును గూర్చి లోకమంతయు మాటలాడుకొనిన సందర్భ మొక్కటి కలదు. మహబూబునగరము చేరువనున్న పిల్లలమర్రి ఏడు వందల యేండ్లదని ప్రతీతి. మూడెకరముల మేర నల్లుకొని, మూలపు మ్రాను ఏదో గుర్తింపరాకుండ, పిల్లలకు పిల్లలై పెరిగినది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ యొకటి విరిగి పడినది. చూడగా చెదలు పట్టి చెక్క గుల్లయైనట్లు తెలిసి, సందర్శకులను నిలిపివేసిరి. తొలుత క్లోర్‌పైరిఫాస్ అను పురుగుమందును కలిపి, మ్రానులో రంధ్రములు చేసి పోసిరి; అది నిలువక కారిపోయినది. అంతట 2018లో ఆసుపత్రులలో సెలైను ఎక్కించునట్లు, మందు నీళ్ళ సీసాలను కొమ్మలకు వ్రేలాడగట్టి, సన్నని గొట్టముల ద్వారా బొట్టు బొట్టుగా ఎక్కించిరి. ఆ ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో పడినది.

ఆ ప్రయత్నమును చేసినవారి యెడ నాకు గౌరవమే గాని లేశమైనను చులకన లేదు; ఒక చెట్టు ప్రాణముకై ప్రభుత్వ యంత్రాంగము అట్లు పరుగులిడుట మన దేశమున ఎన్నిమారులు చూచితిమి? కాని సీసాల చిత్రము మనకు నేర్పినది తప్పుపాఠమని నా అభిప్రాయము. చెదలు సాధారణముగ ప్రాణము తగ్గిన చెక్కను వెదకికొని వచ్చునవి. అవి కడపటి అతిథులు. అక్కడ జరిగిన నిజమైన చికిత్స, ఛాయాచిత్రమున కందనిది, వేరొకటి: వంగిన భారపు కొమ్మల క్రింద సిమెంటు స్తంభములు నిలిపి బరువు మోయించుట, గాలిలో వ్రేలాడు లేత ఊడలను గొట్టములలోనికి దింపి, మన్ను నింపి, నేల నంటువరకు కాపాడుట, అన్నిటికంటె ముఖ్యముగ, మనుష్యుల పాదములను దూరముగ నుంచుట. మర్రికి ఊడ తలవెంట్రుకవంటి అలంకారము కాదు. అడ్డముగ చాగిన కొమ్మకు అదియే కాలు, అదియే నోరు. ఊడ నేలను చేరకమునుపే ఊగుటకని పిల్లలును, సరదాకని పెద్దలును దానిని త్రెంపివేయగా, చుట్టును నేల వేలమంది నడకకు బండబారగా, ఆ కొమ్మ ఏటికేడు బరువెక్కుచు, తన బరువును తానే మోయలేక ఒకనాడు విరుగును. పేరు గన్న ప్రతి మర్రికిని ఇదియే బాధ. మందు సీసా ఖాళీయైన తరువాతను ఈ బాధ ఉండనే యుండును.

హౌరా నగరమున శివపురపు వృక్షశాస్త్రోద్యానము నందలి మహావటము కథ ఇంతకంటె పాతది, నా దృష్టిలో ఇంతకంటె ధైర్యము గలది. 1864, 1867 సంవత్సరముల తుపానులలో దెబ్బతిన్న ఆ చెట్టు మూలపు మ్రానును శిలీంధ్రము పట్టి లోపలినుండి కుళ్ళగొట్టినది. 1925లో ఆ మ్రానును మొత్తముగ తొలగించివైచిరి. ఊడల మీద నిలిచిన తక్కిన చెట్టు నేటికిని పచ్చగా వ్యాపించుచునే యున్నది. ఏ అవయవమును విడువవలెనో ఎరుగుటయు వైద్యములో భాగమే. ఆ నిర్ణయము ఒక్కనాటి కోపముతో గాక, ఏండ్ల పరిశీలనముతో తీసికొనినదగుట చేతనే ఆ చెట్టు మిగిలినది.

ఇక గాయముల మాట. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేలకొలది మ్రానులను నిలువున చీల్చి చూచి తేల్చిన సత్యమొకటి కలదు: మన చర్మమువలె చెట్టు గాయమును మాన్పుకొనదు, చెడిన భాగము చుట్టు గోడలు కట్టి దానిని మూసివైచి, వెలుపల క్రొత్త చెక్కను పెంచుకొనును. గాయము లోపల ఎప్పటికిని ఉండనే యుండును. కొమ్మ మ్రానును కలియుచోట మెడలో కంటెవలె ఉబ్బిన వలయ మొకటి ఉండును. ఆ గోడలు కట్టు శక్తి దానిలోనే యున్నది. కంటెను విడిచి, దాని వెలుపల కోసినచో చెట్టు తనంతట తాను మూసికొనును. నున్నగా ఉండునని మ్రానుకు సమముగ చెక్కినను, జానెడు మోడు మిగిల్చి కోసినను కుళ్ళునకు బాట వేసినట్లే. కోతమీద తారు పూయుట, తొర్రలో సిమెంటు నింపుట పూర్వము మేలని తలచిరి. ఇప్పుడు తెలిసినవారు విడిచిపెట్టిరి, ఏలయన అవి తడిని లోపల బంధించి కుళ్ళునకే సాయపడును. మన వీధులలో తీగలకు అడ్డమని ప్రతి యేడును వేసవిలో జరుగు కొమ్మల నరుకుడు చూచినవారికి ఈ మాటల బరువు తెలియును. కత్తి ఎక్కడ అందిన అక్కడ వేటు పడును, సగము నరికిన కొమ్మను త్రాడు కట్టి లాగుదురు, దానితోపాటు మ్రాను బెరడు బారెడు పొడవున చీలివచ్చును. ఆ చీలికలో చేరిన శిలీంధ్రము పదేండ్లకు పండును. ఆ కత్తి పట్టినవాడు అప్పటికి వేరొక ఊరిలో ఉండును.

మందుల విషయమున నా మాట సూటిగనే చెప్పుదును. 2021లో వేపలకు కార్బెండాజిమ్ వంటి శిలీంధ్రనాశినులను చల్లుమని, మొదట పోయుమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచించిరి. నారుమడిలోని వేపమొక్కకు, తోటలోని లేత చెట్టునకు అది తగినదే. నలువది యడుగుల వీధిచెట్టు కొనకు పిచికారి అందదు; అందించినను సగము మందు క్రింద నడచు మనుష్యులమీద, చిక్కుడు పందిరిమీద, గోవుల నీటి తొట్టిలో పడును. అట్టి చెట్టునకు మన చేతిలో నున్న మేలైన మందు, ఎండిన కొనలను ఆరోగ్యమైన చెక్క వరకు కోసి తగులబెట్టుట, మొదట చుట్టు నేల గుల్లచేయుట, రాలిన ఆకును ఊడ్చి కాల్చక అక్కడనే పరచుట, కరవు వేసవిలో వారమున కొకమారు నీడ అంచుల వెంట నిండుగ తడుపుట. వినుటకు ఇవి మందులవలె తోచవు. తోచకపోవుటయే వీని దురదృష్టము. సీసాకు ఛాయాచిత్రము పడును, ఎండుటాకులకు పడదు.

చట్టము సంగతి చూడుడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి చెట్టు కొట్టుటకు అనుమతి కోరవలెను. మంచిదే. కాని అనుమతి కోరుటకు ఒక దరఖాస్తు ఉన్నట్లు, “మా వీధి చెట్టునకు జబ్బు చేసినది, వచ్చి చూడుడు” అని వ్రాసికొనుటకు సామాన్యునికి ఒక కార్యాలయము, ఒక కిటికీ లేదు. కొట్టుటకు త్రోవ యున్నది, చూపించుకొనుటకు త్రోవ లేదు. 2015 నుండి తెలంగాణమున హరితహారము పేర కోట్లకొలది మొక్కలు నాటిరి, లెక్కలు వ్రాసిరి. నూరేండ్ల చింత ఒకటి వంద చదరపు గజముల నీడను నేడే యిచ్చుచుండగా, దాని లెక్క వ్రాయు పుస్తకము ఏది? 1908 మూసీ వరదనాడు అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని హైదరాబాదువాసులు నేటికిని చెప్పుకొందురు. నాటికి అది మొక్క కాదు, ఎవరో అంతకు తరముల క్రిందట కాపాడిన మ్రాను.

జపానుదేశమున 1991 నుండి వృక్షవైద్యులకు పరీక్ష పెట్టి యోగ్యతాపత్ర మిచ్చు పద్ధతి నడచుచున్నది. మన దేశముననే 2013లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ చెట్ల చుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుమని ఆజ్ఞాపించినది. తెలుగు రాష్ట్రములు రెండింటను వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయములు కలవు, తెగుళ్ళ శాస్త్రము చదివిన యువకులు ఏటేట బయటికి వచ్చుచున్నారు. ప్రతి పురపాలక సంఘమునకు అట్టివా నొక్కని నియమించి, ఏబదియేండ్లు దాటిన ప్రతి నీడచెట్టునకు ఒక రోగపత్రము తెరచి, దాని పాదమున ఎప్పుడు ఎవరు ఏమి త్రవ్విరో అందులో వ్రాయించుట అసాధ్యమగు కార్యమా? కందకము త్రవ్వు కంట్రాక్టరు ఆ పత్రముమీద సంతకము పెట్టనిదే పార దింపరాదని నియమము పెట్టినచో చాలు, సగము చెట్లకు వైద్యుని అవసరమే రాదు. చెట్టును కొట్టివేయుటకు సంతకము పెట్టు అధికారి, తానో తన వైద్యుడో ఆ చెట్టు పాదము త్రవ్వి చూచినట్లు కూడ వ్రాయవలెను.

ప్రమాదము మాట మరువలేదు. మొదట కుళ్ళి, ఒక ప్రక్కకు ఒరిగి, బడి ముంగిట నిలిచిన మ్రానును ఆ రోజే తీసివేయవలెను. అక్కడ కనికరము మనుష్యులకే చెల్లవలెను. అయితే భయపడి పదింటిని కొట్టి, కొట్టవలసిన పదునొకండవదానిని గుర్తింపలేక విడిచిపెట్టుచున్నాము. మా నిద్రగన్నేరు పడిన నెలలోనే, అదే వీధిలో బలముగ నున్న రెండు కానుగలను ముందుజాగ్రత్తయని తీసివేసిరి. చాయ్ బండి అతడు తన గొడుగు తాను తెచ్చుకొని ఎండలో నిలుచున్నాడు.

మా వేప చివుళ్ళు ముదిరిన పిమ్మట, చైత్రమున, ఆ పెద్దాయనను మరల పిలిచితిని. ఎండిన కొనలన్నియు తీసి, ఒక లావుకొమ్మ మాత్రము తేరదని చెప్పి, మొదట అడుగున ఒక గాటు, దానికి అవతల పైన ఒక గాటు పెట్టి బరువు దించి, తరువాత కంటె వెలుపల నెమ్మదిగ రంపము ఆడించెను. షిగో పేరు ఆయన వినలేదు. “దీన్ని ముట్టొద్దు సారూ, ఇదే మూస్కుంటది,” అని ఆ ఉబ్బును అరచేత తడిమెను. ఆ కోత నాడు నా చేతి ఆరు వ్రేళ్ళ వెడల్పుండెను. ప్రతి ఉగాదికిని ఉదయముననే పోయి కొలుచుట నాకు అలవాటైనది. క్రొత్త బెరడు పెదవులవలె చుట్టును ముడుచుకొనుచు వచ్చి, ఈ ఉగాదికి నడుమ రెండు వ్రేళ్ళ సందు మాత్రమే మిగిలినది. పచ్చడికి పూత దాని ప్రక్క కొమ్మనుండియే కోసికొంటిమి.